అంబాసిడర్, పద్మిని ఫ్లోర్‌కి రంగు: మ్యాట్ ఎత్తిన దగ్గర నుంచి మళ్ళీ సీటు బిగించేదాకా

సీమలో వానలే తక్కువ, ఇక్కడ కారుకి తుప్పేం పడుతుందిలే అనుకునేవాళ్ళు చాలామంది. అనంతపురంలో ఏడాది మొత్తం కలిపినా సగటున 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కలే పడుతుంది, నిజమే. కానీ ఇరవై ముప్పై ఏళ్ళ అంబాసిడర్ ఏదైనా తీసుకుని డ్రైవర్ కాళ్ళ దగ్గర మ్యాట్ ఎత్తి చూడండి, కింద రోడ్డు కనపడినా ఆశ్చర్యపోవద్దు. వానలేని ఊళ్ళో ఫ్లోర్ పుచ్చిపోయేది ఎండ వల్లే. ఎండకి ముందు అద్దం చుట్టూ ఉన్న రబ్బరు బిర్రబిగిసి పగులుతుంది, డోర్ల రబ్బర్లు కూడా అంతే, ఆ తర్వాత వాటర్ సర్వీసింగ్‌కి ఇచ్చిన ప్రతిసారీ ఆ పగుళ్ళలోంచి నీళ్ళు లోపలికి దిగుతాయి. కార్పెట్ కింద జనపనార ఫెల్ట్ ఆ నీళ్ళను పీల్చుకుంటుంది, పైనున్న రబ్బరు మ్యాట్ దాన్ని ఆరనివ్వదు. బండి బయట ఎండలో మాడుతుంటే లోపల రేకు నెలల తరబడి తడిగుడ్డ కింద ఉంటుంది.

కాబట్టి రంగు డబ్బా కొనేముందు ఒకటి తేల్చుకోవాలి: నీళ్ళు ఎటునుంచి వస్తున్నాయి? ఆ దారి మూయకుండా ఎంత ఖరీదైన పెయింట్ వేసినా రెండో ఏడాదికి మళ్ళీ బుడగలు లేస్తాయి. షెడ్డులో అడిగితే "ఏం గాదులే సార్, రెడ్ ఆక్సైడ్ కొట్టి మ్యాట్ వేసేద్దాం" అంటారు. వాళ్ళది చెడ్డ ఉద్దేశం కాదు, ఒక్క పూటలో బండి బయటికి పంపాలి కదా. మీ బండి మీకు కావాలంటే ఈ పని మీరే దగ్గరుండి చేయించుకోవడమో, సెలవుల్లో మీరే చేసుకోవడమో మేలు.

ఇక్కడ రాసేదంతా అంబాసిడర్‌నీ ప్రీమియర్ పద్మినినీ దృష్టిలో పెట్టుకుని. అంబాసిడర్ బ్రిటిష్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ 3 నుంచి వచ్చి, బెంగాల్‌లోని ఉత్తరపాడా ఫ్యాక్టరీలో 2014 దాకా తయారైంది. పద్మిని ఇటలీ ఫియట్ 1100 వంశం. రెండింటిలోనూ లారీకో పాత జీపుకో ఉన్నట్టు విడిగా ఛాసిస్ ఉండదు, బాడీయే ఛాసిస్. అంటే కాళ్ళ కింది రేకు, డోర్ల కింద పొడుగ్గా ఉండే సిల్, మధ్యలో షాఫ్ట్ పోయే టన్నెల్, ఇవన్నీ కలిసే బండిని నిలబెడుతున్నాయి. ఫ్లోర్‌ని అలంకారం అనుకోకండి. జీపు వాళ్ళకి ఈ టెన్షన్ తక్కువ, ఫ్లోర్ పోయినా కింద ఛాసిస్ ఉంటుంది, మిగతా పద్ధతి మాత్రం ఒకటే.

ఏ నెలలో మొదలుపెట్టాలి

డిసెంబరు నుంచి ఫిబ్రవరి. ఏప్రిల్, మేలో మధ్యాహ్నం రేకు మీద చెయ్యి పెట్టలేం, పెయింట్‌లో థిన్నర్ బ్రష్ లాగేలోపే ఆరిపోయి గరుగ్గా తేలుతుంది. జూన్ నుంచి ఆగస్టు దాకా గాలి. రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, ఆ నెలల్లో తడి పెయింట్ మీద ఎర్రమట్టి అతుక్కోకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. ఇక సెప్టెంబరు, అక్టోబరు వానల నెలలు, గీకి శుభ్రం చేసిన రేకు రాత్రికి రాత్రే పసుపు రంగు తిరుగుతుంది. చలికాలంలోనూ పొద్దున్నే మొదలుపెట్టకండి. తెల్లవారుజామున రేకు గాలికన్నా చల్లగా ఉండి దానిమీద కంటికి కనపడని చెమ్మ పడుతుంది, తొమ్మిదో పదో అయ్యి ఆ చెమ్మ ఆరాక అప్పుడు డబ్బా మూత తియ్యండి.

నేల చదునుగా ఉండాలి. కడప బండలు పరిచిన షెడ్డు దొరికితే అంతకన్నా కావలసింది లేదు, ఊడ్చుకోవడం తేలిక, జాకీ స్టాండు కుంగదు.

లోపల అంతా విప్పడం

మొదట బ్యాటరీ తీగలు తీసెయ్యండి. తర్వాత సీట్లు, డోర్ల దగ్గర గడపలా ఉండే అల్యూమినియం పట్టీలు, కార్పెట్, ఫెల్ట్. పాత కార్పెట్ ఎంత కంపు కొట్టినా పారెయ్యకండి, కొత్తది కత్తిరించడానికి అదే కొలత. సీటు బోల్టులు ఏళ్ళ తరబడి తడిలో ఉండి బిగుసుకుపోయి ఉంటాయి కాబట్టి ముందురోజు రాత్రే కిందనుంచీ పైనుంచీ డబ్ల్యూడీ-40 లాంటి నూనె కొట్టి వదిలేస్తే తెల్లారి కదులుతాయి. కదలకపోతే బలంగా తిప్పకుండా, కొంచెం బిగించి కొంచెం వదిలి, అలా అటూ ఇటూ ఆడించాలి. తల విరిగిపోతే డ్రిల్ వేసి కొత్త మర కొట్టించడం అదో పెద్ద పని. అంబాసిడర్‌కి ఎక్కువగా అంగుళాల స్పానర్లు కావాలి, పద్మినికి మిల్లీమీటర్లవి. ఒకదాని బదులు ఇంకోటి పెట్టి తిప్పారంటే బోల్టు తల గుండ్రమైపోతుంది.

విప్పిన ప్రతిదాన్నీ ఫోన్‌లో ఫోటో తీసుకుని, బోల్టులు కవర్లలో వేసి పేరు రాసి పెట్టండి. ఇంతకుమించి ఈ దశలో చెప్పడానికేం లేదు.

చూడటం, పొడవడం

మ్యాట్ ఎత్తగానే పైకి కనిపించే తుప్పుకి భయపడకండి, పైకి కనిపించనిదే అసలు సంగతి. స్క్రూడ్రైవర్ తీసుకుని అనుమానం ఉన్న ప్రతిచోటా గట్టిగా పొడవాలి. రేకు టంగుమంటే బాగున్నట్టు, మెత్తగా దిగబడితే అది రేకు కాదు, తుప్పు అట్టకట్టి రంగు చాటున దాక్కుంది. పెడళ్ళ కింద, సిల్‌కీ ఫ్లోర్‌కీ అతుకు ఉన్న మూల, సీటు బిగించే చోట్లు, వెనక సీటు కింద, జాకీ పెట్టే చోటు చుట్టుపక్కల, ఈ ఐదూ తప్పకుండా చూడాలి. చీకటి పడ్డాక కిందనుంచి ఒకరు టార్చి వేస్తే, లోపల కూర్చున్నవాళ్ళకి సూది బెజ్జాలు కూడా నక్షత్రాల్లా కనపడతాయి.

కర్నూలులో పాత బండి కొన్నవాళ్ళకి ఒక మాట. 2009 అక్టోబరు వరదకి తుంగభద్ర నీళ్ళు నగరంలోకి వచ్చాయి, అప్పుడు మునిగిన బండ్లు తర్వాత ఎన్ని చేతులు మారాయో ఎవరికీ తెలీదు. సిల్ లోపలికి ఉన్న చిన్న రంధ్రాల్లోంచి ఒక తీగ పెట్టి గీకి చూడండి, ఎండిన ఒండ్రుమట్టి రాలితే ఆ బండి నీళ్ళు తాగినట్టే. అలాంటిదానికి ఫ్లోర్ కన్నా ముందు సిల్ లోపల కడిగించి, ఆరబెట్టాలి, లేకపోతే పైన మీరు చేసినదంతా లోపలి మట్టి పట్టుకున్న చెమ్మకి బలైపోతుంది.

ఇప్పుడే నీళ్ళ పరీక్ష కూడా చెయ్యండి, ఫ్లోర్ ఖాళీగా ఉంది కాబట్టి ఇంతకన్నా మంచి సమయం దొరకదు. లోపల ఒకరు టార్చితో కూర్చోవాలి, బయట ఇంకొకరు మామూలు పైపుతో, ప్రెషర్ లేకుండా, ముందు అద్దం కింది అంచు నుంచి మొదలుపెట్టి మెల్లగా పైకీ పక్కకీ రావాలి. ఒకేసారి బండి మొత్తం తడిపేస్తే ఎక్కడ కారుతోందో పట్టుకోలేరు. అద్దం రబ్బరు, డోర్ అడుగున మట్టితో పూడిపోయిన రంధ్రాలు, డోర్ ప్యాడ్ వెనక ఉండాల్సిన ప్లాస్టిక్ షీటు, ఇంజన్ వైపు నుంచి వైర్లు వచ్చే చోట ఊడిపోయిన రబ్బరు గ్రోమెట్లు, ఎక్కువసార్లు దొంగ ఈ నాలుగింట్లోనే దొరుకుతాడు. తర్వాత పెట్టించిన ఏసీ ఉంటే దాని నీళ్ళ పైపు కారు బయటికి పోతోందా, ఫెల్ట్ మీదికే పోతోందా కూడా చూడండి. మన ఎండలకి ఏసీ రోజంతా నడుస్తుంది, ఒక్క పైపు ఊడితే చాలు, వాన అక్కర్లేదు.

తారు షీట్లు పీకడం

చప్పుడు రాకుండా ఫ్యాక్టరీ వాళ్ళో తర్వాత ఎవరో ఫ్లోర్ మీద తారు షీట్లు అతికించి ఉంటారు. గట్టిగా అతుక్కున్నవాటిని వదిలేయవచ్చా అని అడుగుతారు. వద్దు, మొత్తం తీసేయండి, పాత షీటు అంచున పగులు ఉంటే దానికింద తుప్పు ఖాయం. హీట్ గన్‌తో కొద్దికొద్దిగా వేడి చేస్తూ వెడల్పాటి స్క్రేపర్‌తో ఎత్తితే పట్టీలు పట్టీలుగా వస్తాయి. మరీ కరిగేదాకా వేడి చేస్తే బంకలా సాగి చేతులకీ చెప్పులకీ అంటుకుని ప్రాణం తీస్తుంది. కింద పెట్రోలు పైపు, బ్రేకు పైపు ఫ్లోర్‌కి ఆనుకునే పోతాయని గుర్తుపెట్టుకుని ఆ లైను మీద వేడి పెట్టొద్దు. మిగిలిన జిడ్డుని టర్పెంటైన్‌లో తడిపిన బనీను వేస్టుతో తుడవండి. షెడ్లలో పెట్రోలు పోసి తుడిచేస్తారు చూశారా, మూసిన కారులో ఆ ఆవిరికి ఒక్క స్విచ్ మెరుపు చాలు, ఆ పని చెయ్యనివ్వకండి.

తుప్పు తీయడం

మొత్తం పనిలో సగం ఇదే, తొందరపడితే మిగతా సగం వృథా.

4 అంగుళాల గ్రైండర్‌కి తీగల కప్పు బ్రష్ బిగించి పెద్ద తుప్పంతా లేపండి. ఆ తీగలు ఊడి సూదుల్లా ఎగురుతాయి, అందుకని మామూలు కళ్ళజోడు చాలదు, ముఖం మొత్తం కప్పే షీల్డు కావాలి, చొక్కా చేతులు నిండుగా ఉండాలి. దుమ్ముకి ఎన్95 మాస్కు సరిపోతుంది. పాత రంగులో సీసం ఉండే అవకాశం ఉంది కాబట్టి మంచి రంగు ఉన్న చోట్ల గ్రైండర్ పెట్టకుండా వాటర్ పేపర్‌తో తడిపి రుద్దడమే మంచిది, పిల్లలు ఆడుకునే వాకిట్లో మాత్రం వద్దే వద్దు. బ్రష్ తర్వాత 80 నంబరు గరుకు కాయితం, మూలల్లో చేత్తోనే. రంగు గట్టిగా పట్టుకుని ఉన్నచోట రేకు దాకా పోనక్కర్లేదు, మెరుపు పోయేలా గరుకు చేస్తే చాలు, దాని అంచు మాత్రం వేలికి తగలకుండా వాలుగా అరగదీయాలి.

ఇంత చేసినా రేకులో చిన్నచిన్న గుంటల్లో నల్లటి తుప్పు మిగిలిపోతుంది. దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ వాడాలి, అది తుప్పుని ఐరన్ ఫాస్ఫేట్‌గా మారుస్తుంది. బ్రష్‌తో పూసి, డబ్బా మీద చెప్పినంతసేపే ఉంచి, ఎండిపోకుండా తడిగా ఉంచుతూ మధ్యలో స్టీలు పీచుతో రుద్దాలి. చవగ్గా వస్తుందని బాత్రూమ్ యాసిడ్ పోసేవాళ్ళున్నారు. అది హైడ్రోక్లోరిక్ యాసిడ్, తుప్పు నిమిషాల్లో పోతుంది, కానీ దాని క్లోరైడ్ అతుకుల్లో ఇరుక్కుని కొన్నాళ్ళకి రెట్టింపు తుప్పు తెస్తుంది.

యాసిడ్‌ని కడిగే నీళ్ళ దగ్గర మన ఊళ్ళకి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. అనంతపురం, కడప వైపు చాలాచోట్ల బోరునీళ్ళు ఉప్పగా ఉంటాయి, బకెట్‌కి తెల్లటి చార పట్టే నీళ్ళతో పచ్చిరేకుని కడిగితే ఆ ఉప్పు రేకు మీదే ఉండిపోతుంది, దానిమీద వేసిన రంగు కింద చెమ్మ చేరి బుడగలు వస్తాయి. ఒక క్యాన్ మినరల్ వాటర్ కొనుక్కోండి, గుడ్డతో రెండు మూడుసార్లు తుడిచి వెంటనే బ్లోయర్‌తోనో హెయిర్ డ్రయ్యర్‌తోనో ఆరబెట్టండి. గాలి ఆరబెట్టేస్తుందిలే అని టీ తాగడానికి వెళ్తే తిరిగొచ్చేసరికి రేకు పసుపెక్కి ఉంటుంది.

చిల్లులు ఉంటే

వేలు పట్టే చిల్లుకి ఎం-సీల్, ఫైబర్, పుట్టీ ఏదీ పనికిరాదు. చుట్టూ మంచి రేకు వచ్చేదాకా కత్తిరించి కొత్త ముక్క వెల్డింగ్ చేయించాలి. 20 గేజి సీఆర్ (కోల్డ్ రోల్డ్) షీటు అంటే సుమారు 0.9 మిల్లీమీటర్లు, ఫ్లోర్‌కి అది చాలు, సీటు బిగించే చోట 18 గేజి పెట్టించండి. జింకు పూత ఉన్న జీఐ రేకు చవకని తెస్తే వెల్డింగ్‌లో దాని జింకు పొగ పీల్చి, రేకుపని చేసే టింకర్‌కి జ్వరం వస్తుంది, అతుకూ శుభ్రంగా పడదు. గ్యాస్ వెల్డింగ్ వేడికి సన్నరేకు వంకరపోతుంది కాబట్టి సీఓటూ వెల్డింగ్ ఉన్న షెడ్డు వెతకండి, చుక్కచుక్కగా వేయమనండి, ఒకే లైనుగా లాగితే అదీ వంకరపోతుంది.

సిల్ కూడా పోయి ఉంటే అది మీరు చేసే పని కాదు. కత్తిరించేముందు డోర్ల మధ్య అడ్డంగా పట్టీలు వెల్డు చేసి బాడీని నిలబెట్టే అనుభవం ఉన్న టింకర్ కావాలి, లేకపోతే రేకు కోయగానే బాడీ కుంగి తర్వాత డోర్లు పట్టవు. వెల్డింగ్ రోజు పెట్రోలు ట్యాంకు బయట ఉండాలి, పైపులు దూరంగా ఉండాలి, తడి గోనెసంచి, నీళ్ళ బకెట్, చేతికందేలా ఫైర్ సిలిండర్ ఉండాలి. ఫ్లోర్ కింద ఏముందో ఒకరు కింద కూర్చుని చూస్తూ ఉండాలి.

ప్రైమర్, అతుకుల సీలు, రంగు

రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ గేటుకీ కిటికీ చువ్వలకీ బాగానే ఉంటుంది. కారు ఫ్లోర్‌కి వద్దు, ఎందుకంటే మామూలు రెడ్ ఆక్సైడ్ పొర చెమ్మని పూర్తిగా ఆపలేదు. ప్రైమర్ ఒక డబ్బాలో, దాన్ని గట్టిపరిచే హార్డనర్ ఇంకో డబ్బాలో వచ్చే ఎపాక్సీ ప్రైమర్ తీసుకోండి. ఎపాక్సీ ఎండకి పొడిబారుతుంది గానీ కార్పెట్ కింద ఎండ ఎక్కడిది, ఇక్కడ దానికి సరైన చోటు. ఒక కారు లోపలి ఫ్లోర్ టన్నెల్‌తో కలిపి నాలుగైదు చదరపు మీటర్లకి మించదు, కాబట్టి లీటరు కలిపిన ప్రైమర్‌తో రెండు పూతలు మామూలుగా వస్తాయి. వాష్ ప్రైమర్ అని యాసిడ్ ఉండే పల్చటిది ఒకటి అమ్ముతారు, తయారీదారు ప్రత్యేకంగా పర్వాలేదని రాస్తే తప్ప దానిమీద ఎపాక్సీ వెయ్యొద్దు.

పూయబోయే ముందు వ్యాక్యూమ్‌తో దుమ్ము తీసి, జిడ్డు తీసే థిన్నర్‌తో రెండు గుడ్డలు పట్టుకుని తుడవాలి: ఒకటి తడిది, వెనకే ఒకటి పొడిది. ఒకే గుడ్డతో తుడిస్తే జిడ్డుని ఇక్కడినుంచి అక్కడికి చేరవేయడమే అవుతుంది. తర్వాత ఉత్త చేత్తో ముట్టుకోవద్దు, అరచేతి చెమటలో కూడా ఉప్పుంది.

ప్రైమర్‌నీ హార్డనర్‌నీ డబ్బా మీద రాసిన పాళ్ళలో కొలిచి కలపండి, కంటి అంచనా వద్దు. ఎక్కువ హార్డనర్ వేస్తే త్వరగా గట్టిపడుతుందని ఒక నమ్మకం ఉంది, అలా వేస్తే సరిగ్గా గట్టిపడక జిగటగా ఉండిపోతుంది. కలిపాక ఎంతసేపు ఆగాలో, ఎంతసేపట్లో వాడేయాలో కూడా డబ్బా మీదే ఉంటుంది. ఆ గడువు సాధారణంగా 20, 25 డిగ్రీలకి రాసిందని గుర్తుంచుకోండి. వేడి 10 డిగ్రీలు పెరిగితే గడువు దాదాపు సగమైపోతుంది, అందుకే మొత్తం ఒకేసారి కలపకుండా రెండు వాయిలుగా కలుపుకోండి.

గన్నా, బ్రష్షా? ఫ్లోర్‌కి నా ఓటు బ్రష్‌కీ చిన్న రోలర్‌కీ. మీద కార్పెట్ వస్తుంది, బ్రష్ గీతలు ఎవరూ చూడరు, పైగా బ్రష్ గుంటల్లోకీ అతుకుల్లోకీ పెయింట్‌ని నెడుతుంది, గన్‌కి అది చేతకాదు. గన్ వాడాలంటే ఆవిర్లు ఆపే కార్ట్రిడ్జ్ మాస్కు కావాలి, ఎన్95 దుమ్మునే ఆపుతుంది. పీయూ (పాలీయురేథేన్) పెయింట్ హార్డనర్‌లో ఐసోసయనేట్ అనే రసాయనం ఉంటుంది, మూసిన షెడ్డులో దాన్ని గన్‌తో కొట్టడం బయటి గాలి పైపు ద్వారా అందే మాస్కు లేకుండా చెయ్యకూడదు, ఊపిరితిత్తులకి జీవితకాలం ఉబ్బసం రావచ్చు. ఏ పద్ధతైనా నాలుగు డోర్లూ తెరిచే ఉంచండి.

మొదట వెల్డింగ్ అతుకులు, అంచులు, బోల్టు రంధ్రాల చుట్టూ బ్రష్‌తో ఒక పట్టీ పూయండి, తర్వాత ఇంజన్ వైపు గోడ నుంచి మొదలుపెట్టి టన్నెల్ మీదుగా డోర్ల వైపుకి వస్తే మీరు బయటికొచ్చే దారి మిగులుతుంది. సీటు బోల్టు మరల్లో పాత బోల్టు తిప్పి ఉంచితే పెయింట్ దూరదు.

మొదటి పూత ఆరాక అతుకుల మీద పీయూ సీలెంట్ వేసి వేలితో చదును చెయ్యండి. బాత్రూమ్ సిలికాన్ వాడొద్దు, దానిమీద రంగు నిలవదు, వెనిగర్ వాసన వచ్చే రకమైతే కింద ఇనుమునే తింటుంది. నీళ్ళు పోయే రంధ్రాలని మాత్రం సీలు చెయ్యకండి, వాటికి రబ్బరు బిరడాలే పెట్టాలి. తర్వాత రెండో పూత. డబ్బా చెప్పిన గడువు దాటిపోతే 320 కాయితంతో గరుకు చేసి అప్పుడు వెయ్యాలి.

పైరంగుకి చాలామంది నల్లటి ఛాసిస్ పెయింట్ వేస్తారు. నాకు మాత్రం బండి రంగో, లేత బూడిద రంగో నచ్చుతుంది, లేతరంగు మీద రేపు ఎక్కడైనా తుప్పు చుక్క లేస్తే అదే రోజు కనపడుతుంది, నలుపులో చిల్లు పడేదాకా తెలీదు. సింథటిక్ ఎనామెల్ అయినా సరే, రెండు పల్చటి పూతలు. మందంగా ఒకే పూత వేస్తే పైన తోలుకట్టి లోపల మెత్తగా ఉంటుంది.

పనిలో పనిగా కింది వైపు కూడా అదే వరసలో ప్రైమర్ వేయించి, సిల్ లోపలికి పొడుగు గొట్టంతో క్యావిటీ వ్యాక్స్ (లోపల తుప్పు పట్టకుండా ఆపే మైనం) కొట్టించండి. కిందనుంచి తుప్పు తింటుంటే పైన రంగు చూసి సంతోషించడం దేనికి.

ఆరడం, మళ్ళీ బిగించడం

చేతికి అంటకపోతే ఆరినట్టు కాదు. ఒక వారం కార్పెట్ వెయ్యకండి, డోర్ అద్దాలు దించి నీడలో ఉంచండి. ఎండలో అద్దాలు మూసి పెడితే త్వరగా ఆరుతుందని అనుకోవద్దు, లోపలి థిన్నర్ బయటికి పోలేక బుడగలు లేస్తాయి.

చప్పుడు ఆపడానికి తారు షీటు బదులు బ్యుటైల్ షీటు వాడండి, తారు మన మే నెలకి మెత్తబడి వాసన కొడుతుంది. ఫ్లోర్ మొత్తం పరవాల్సిన పనిలేదు, వెడల్పైన రేకుల మధ్య మూడో వంతు కప్పితే మోత తగ్గుతుంది, డబ్బూ బరువూ మిగులుతాయి. ఫెల్ట్ చోట నీళ్ళు పీల్చని ఫోమ్ షీటు పరవండి. కార్పెట్‌ని గమ్‌తో అతికించేయమని సీటు కుట్టేవాళ్ళు అంటారు, వద్దనండి. బటన్లో వెల్క్రోనో పెట్టిస్తే సర్వీసింగ్ తర్వాత ఎత్తి ఆరబెట్టుకోవచ్చు.

సీటు బోల్టులకి కొంచెం గ్రీజు రాసి, పాత వాషర్లు పుచ్చిపోయుంటే వెడల్పాటి కొత్తవి వేసి బిగించండి. ఇక చివర్లో ఎర్త్ వైర్లు. ఫ్లోర్‌కీ సిల్‌కీ బిగించే ఎర్త్ వైరు ఎక్కడెక్కడుందో మొదట తీసిన ఫోటోల్లో చూసుకుని, ఆ రింగు కూర్చునే మేరకు మాత్రం రంగు గీకి, పచ్చిరేకు మీద బిగించి, పైన వ్యాసలీన్ రాయండి. ఇది మరిచిపోతే వెనక లైట్లు మినుకుమినుకుమంటాయి, పెట్రోలు ముల్లు ఇష్టమొచ్చినట్టు తిరుగుతుంది, ఎలక్ట్రీషియన్ దగ్గరికి పోతే ముందు వైరింగ్ మొత్తం మార్చాలంటాడు.